వెనక మెట్లు

సూది కింద చొక్కా చెయ్యి అలాగే ఉండిపోయింది. కుట్టు మెషిన్ ఎత్తుకుపోయేవాళ్ళు దాన్ని ఊడదీసే ఓపిక కూడా పట్టలేదు. ఒకడు మెషిన్ తలకాయని భుజానికెత్తుకున్నాడు. ఇద్దరు ఇనప స్టాండు మోశారు. ఇంట్లో నేల మీద దారం కండె గిరగిరా తిరుగుతూ, సందు మలుపుదాకా వాళ్ళ వెనకే దారం వదిలింది.

కాజాలమ్మ గడపలో నిలబడి ఆ దారాన్నే చూస్తోంది. బడిపిల్లల చొక్కాలకి కాజాలు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. సందులో తలుపులన్నీ ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. మూసుకున్న ప్రతి తలుపు వెనకా అదే కంపెనీ మెషిన్ ఉంది. అదే వాయిదాల అప్పుంది.

వసూళ్ళ మేస్త్రీ ఎవరిని తిట్టినా నవ్వుతూనే తిడతాడు. అందుకని అతన్ని నవ్వులాయన అంటారు. అతను తలుపుకి జిగురు పూసి అచ్చు కాగితం అంటించాడు: "ఈ ఇల్లు అప్పు ఎగవేసినవారిది."

"చదవడం రాకపోతే పక్కింటివాళ్ళని అడుగమ్మా. చాలనేదాకా చదివిపెడతారు."

అప్పుడే పరుగులాంటి నడకతో వచ్చింది, ఆమె కేసులు చూసే ప్లీడరమ్మ. రొప్పుతూనే అడిగింది.

"కోర్టు ఉత్తర్వేదీ? ఉత్తర్వు లేకుండా గడప ఎలా తొక్కావు?"

"ఉత్తర్వెందుకు మేడమ్? ఆవిడే ఇచ్చేసింది. అడగండి కావాలంటే."

ప్లీడరమ్మ కాజాలమ్మ వైపు చూసింది. కాజాలమ్మ తల ఊపింది. ఇచ్చానంది. వాళ్ళు తొందరగా వెళ్ళిపోతే చాలు, ఆ గొంతు ఇంకో ఇంటికి వినబడకుండా ఉంటే చాలు. చట్టం పుస్తకంలో ఎక్కడా లేని ఆ తల ఊపుడు ముందు ఏ సెక్షనూ పనిచెయ్యలేదు.

జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన ప్రాక్టీసు ఆమెది. మొదట్లో పేలిన కుక్కర్లు, కాలం చెల్లిన మందులు, డబ్బు కట్టినా చేతికి రాని ఇళ్ళు. కొన్నవాడి పక్షాన నిలబడి అమ్మినవాడి మీద పోరాడింది. రానురాను ఒకటి అర్థమైంది. మోసపోయి కొన్నవాడు ఊరికే ఉండడు, అప్పు చేసి కొని ఉంటాడు. వస్తువు మూలపడుతుంది, అప్పు మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది. అలా ఆమె దివాలా పిటిషన్లలోకి దిగింది. కోర్టు వరండాలో తోటివాళ్ళు పెట్టిన పేరు దివాలా ప్లీడరు. "మీ క్లయింట్లు ఫీజెలా ఇస్తారండీ, అది కూడా మాఫీయేనా?" అని పరాచికాలాడేవారు.

పిటిషన్ వేయడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ ఆమె మొదట చెప్పే మాట ఒక్కటే: "ఏదీ దాచొద్దు." ఉన్నదంతా కోర్టు ముందు పెట్టాలి. తీర్చలేనని ఒప్పుకోవాలి. అప్పుడు కోర్టు ఉన్నది పంచి, లేనిది కొట్టేస్తుంది. అప్పులవాళ్ళు బతుకుతెరువు పనిముట్టు జోలికి రాకుండా అడ్డుపడే అవకాశమూ ఉంది. కానీ ముక్కుపుడక దాచినట్టు తేలినా మొత్తం పిటిషన్ గంగలో కలిసినట్టే.

ఇంత చెప్పే మనిషి, వచ్చినవాళ్ళని మాత్రం వెనక మెట్ల మీదుగా రమ్మనేది. ఇల్లూ ఆఫీసూ ఒకటే. ముందు గదిలోకి కంపెనీల మీద కేసు పెట్టేవాళ్ళొస్తారు. పెరటి వైపు సన్నటి మెట్లెక్కి దివాలావాళ్ళొస్తారు. ఆ ఏర్పాటు అత్తగారిది. "వాళ్ళ పరువూ దక్కుతుంది, మన పరువూ దక్కుతుంది" అందావిడ. ప్లీడరమ్మ కూడా అది దయే అనుకుంది. చెంగు కప్పుకుని, ఒకరి కంట ఒకరు పడకుండా, ఎంతమంది ఎక్కారో ఆ మెట్లు!

కాజాలమ్మ కూడా ఎక్కింది. "ఎవరికీ తెలీదు కదమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆమెవి రెండు కేసులు. కొత్తదని చెప్పి పాత మెషిన్ అంటగట్టారని వినియోగదారుల కోర్టులో వేసింది. "ఒక్క మెషిన్ తుప్పు పట్టిందంటే అది వాడినవాళ్ళ అశ్రద్ధ" అని కొట్టేశారు. దివాలా పిటిషనేమో వాయిదా మీద వాయిదా పడుతోంది. కంపెనీకి కట్టేదీ వాయిదానే, కోర్టు ఇచ్చేదీ వాయిదానే. మొదటిది తప్పితే మెషిన్ పోతుంది. రెండోది పడితే మనిషి పోతుంది.

మెషిన్ పోయిన మర్నాడు కాజాలమ్మ తలుపు తెరుచుకోలేదు. ఆమె తన ప్రాణం తనే తీసుకుంది. పిల్లలిద్దరినీ ముందురోజు సాయంత్రమే అమ్మమ్మగారింటికి పంపేసిందట.

శవం లేచేటప్పుడు ఆడవాళ్ళు ఒకరికొకరు ఎడంగా నిలబడ్డారు. ఎవరి కళ్ళలోకి ఎవరు చూసినా దొరికిపోతారు. ప్లీడరమ్మ ఒక్కతే తలుపు దగ్గరికెళ్ళి ఆ కాగితాన్ని గోళ్ళతో గీకింది. జిగురు బాగా పట్టింది. "ఎగవేసిన" అన్న ముక్క మిగిలిపోయింది.

తర్వాత వారం ఆ మెట్ల మీద ఒక వింత జరిగింది. లోపలి నుంచి దిగుతున్న మనిషికి కింద నుంచి ఎక్కుతున్న మనిషి ఎదురైంది. ఇద్దరూ చెంగులు కప్పుకున్నారు. దారి ఇరుకు. తప్పుకోబోతే ఒకరి చెంగు ఇంకొకరి చెయ్యి తగిలి జారింది. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకునే తోడికోడళ్ళు!

"నువ్వా! డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చావు కదే!" అంది పెద్దకోడలు.

"నువ్వు మీ పిన్నిని చూసొస్తానన్నావుగా అక్కా?"

"మా పిన్ని పోయి మూడేళ్ళయింది. ఆ దినానికి నువ్వే వండావు. ఆ మాత్రం గుర్తులేదా నీకు?"

చిన్నకోడలు ఫక్కున నవ్వింది. పెద్దది కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మెట్ల మీద కూలబడి, ఒకరి భుజాన ఒకరు ఏడ్చారు. ఇద్దరికీ చెరో మెషిన్. ఇద్దరివీ వాయిదాలు తప్పాయి. చిన్నదానికి ముందే హెచ్చరిక వచ్చింది, సోమవారం వచ్చి పట్టుకుపోతామని. ఆ మెషిన్ పోతే ఇంటి అద్దె పోయినట్టే. భర్త పనిచేసే మిల్లు మూతపడి ఏడాదైంది.

అలికిడికి ప్లీడరమ్మ బయటికొచ్చింది. పెద్దకోడలు కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"కాజాలమ్మ కూడా ఈ మెట్లే ఎక్కిందా అమ్మా?"

"ఎక్కింది."

"నేనూ ఎక్కాను. ఇదీ ఎక్కింది. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు మావి. ఆవిడకి నా సంగతి తెలిసుంటే చచ్చిపోయేది కాదేమో. ఏదీ దాచొద్దంటారు. మరి మమ్మల్నే దాస్తారేంటమ్మా?"

ఎన్నో కోర్టుల్లో ఎందరో పెద్ద లాయర్లు వెయ్యలేని ప్రశ్న అది. ప్లీడరమ్మ ఇద్దరినీ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వెనక తలుపుకి గడియ పెట్టింది. చట్టం పుస్తకాల బీరువాని ఈడ్చుకొచ్చి దానికి అడ్డం పెట్టింది.

"అయ్యో, ఆ బీరువా అక్కడ పెడితే గాలెలా వస్తుందే?" అంది ప్లీడరమ్మ అత్తగారు.

"ముందు తలుపులోంచి వస్తుంది అత్తయ్యా."

ఆదివారం ముందు గది నిండిపోయింది. వరండా నిండి, వీధి మెట్ల దాకా జనం. తోడికోడళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ముందు తమ అప్పు సంగతి చెప్పి, తర్వాత వాళ్ళది అడిగారు. అదొక్కటే కిటుకు. చెప్పినవాళ్ళకి చెప్పనివాళ్ళు లేరు.

కానీ వచ్చినవాళ్ళందరూ ధైర్యంతో రాలేదు. భయం ఇంట్లో ఉండనివ్వక వచ్చారు.

"మెషిన్లు బంధువులిళ్ళకి చేరేస్తే సరి" అన్నాడు చిన్నకోడలి మొగుడు.

"దొరికితే ఆస్తి దాచారంటారు. అందరి పిటిషన్లూ పోతాయి" అంది ప్లీడరమ్మ.

"అయితే ఏం చెయ్యమంటారు? గుమ్మంలో నిలబడి అప్పగించమంటారా? రేపు పొద్దున మా తలుపుకీ కాగితం పడుతుంది. మీకేమండీ, మీ తలుపుకి ఎవరంటిస్తారు?"

"నిజమే. అంటించరు" అందామె.

గది గుసగుసలైంది. మూల కూర్చున్న చిన్నకోడలు, తన మెషిన్ మీద మోచెయ్యి ఆనే చోట రంగు పెచ్చులూడి కింద ఎర్ర రంగు కనిపిస్తోందని మెల్లగా అంది. మాదీ అంతే అంది ఇంకొకామె. మాది కూడా, అక్కడే, అదే ఎరుపు. తన ఖర్మ అనుకుని ఎవరికి వాళ్ళు దాని మీద గుడ్డ కప్పుకున్నారు ఇన్నాళ్ళూ.

ప్లీడరమ్మ లేచి నిలబడింది. "ఒక్క మెషినైతే అశ్రద్ధ అన్నారు. అన్నీ అయితే ఏమంటారు? ఎక్కడో వాడి పారేసినవాటికి రంగేసి మీకు కొత్తవని అమ్మారు. అందుకే వాళ్ళకి అప్పు కంటే మెషిన్లు వెనక్కి రావడం తొందర. పట్టుకుపోయేది మీ ఆస్తిని కాదు, వాళ్ళ నేరాన్ని!"

"అయితే దాచొద్దు" అంది పెద్దకోడలు. "చట్టం కూడా అదేగా చెప్పింది? ఒక్కటి కూడా దాచొద్దు. అన్నీ తెచ్చి వీధిలో పెడదాం."

అంతలో అత్తగారు పెద్ద గిన్నెతో టీ తెచ్చి గది మధ్యలో పెట్టింది. "మంది ఎక్కువైతే చక్కెర తక్కువవుతుంది. సర్దుకోండి" అంది గొణుక్కుంటూ.

సోమవారం లారీ వచ్చేసరికి సందులో లారీ పట్టే చోటు లేదు. రెండు వైపులా మెషిన్లు. ఒక్కో మెషిన్ ముందు ఒక్కో మనిషి. కాజాలమ్మ గుమ్మం ముందు ఉత్త స్టూలు.

"ఏంటమ్మా, సంత పెట్టారా?" నవ్వులాయన నవ్వాడు.

"సరుకు మీదేగా, పోల్చుకుంటావేమో చూడు" అంది పెద్దకోడలు. రూపాయి బిళ్ళతో మెషిన్ మూపు మీద బర్రున గీకింది. నలుపు లేచిపోయి ఎరుపు బయటపడింది. పక్కనామె గీకింది. ఆ పక్కనామె గీకింది. సందు పొడవునా ఇనుము మీద బిళ్ళల చప్పుడు. మొట్టమొదటిసారి నవ్వులాయన నవ్వు మర్చిపోయాడు. ఫోను తీశాడు.

పోలీసులొచ్చారు. రోడ్డుకి అడ్డం, విధులకు ఆటంకం, రెచ్చగొట్టడం. ప్లీడరమ్మ చట్టం చెప్పబోతే ఇన్‌స్పెక్టరు, "అదంతా కోర్టులో చెప్పుకోండి మేడమ్" అన్నాడు. లాఠీలు లేచాయి. ఒకామె చేతి వేళ్ళు నలిగాయి. ఇంకొకామె మెషిన్ స్టాండు తిరగబడింది. చిన్నకోడలు తన మెషిన్ని కావలించుకుంటే, ఆమెని ఒకరు, దాన్ని ఒకరు లాగారు. తలకాయ లారీలో పడ్డ చప్పుడుకి ఆమె అరిచిన అరుపు ప్లీడరమ్మ జన్మలో మర్చిపోలేదు. హెచ్చరిక వచ్చిన ఆ ఒక్క మెషిన్‌తోనే లారీ కదిలింది. పెద్దకోడల్నీ ప్లీడరమ్మనీ వ్యానెక్కించారు.

అంతా అయిపోయిందనుకుంది ప్లీడరమ్మ. వ్యాను జాలి కిటికీలోంచి తలుపులు మళ్ళీ మూసుకోవడం చూడాల్సి వస్తుందని కళ్ళు మూసుకుంది. లైసెన్సు పోతుంది. పిటిషన్లన్నీ పోతాయి. కాజాలమ్మకి తోడు ఇంకో పేరు చేరుతుంది.

మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి వ్యాను కోర్టు ఆవరణలో ఆగింది. గేటు దగ్గర ఏదో గోల. పెద్దకోడలు ఆమెని మోచేత్తో పొడిచింది. "ప్లీడరమ్మా, కళ్ళు తెరవండి."

వాళ్ళొస్తున్నారు. స్టాండ్లు వదిలేసి, మెషిన్ తలకాయల్ని ఊడదీసి, చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు చంకనేసుకుని వస్తున్నారు. బరువుకి నడుములు ఒరిగిపోతున్నాయి. నలిగిన వేళ్ళకి గుడ్డ చుట్టుకున్న ఆవిడా ఉంది. అందరికంటే ముందు ఖాళీ చేతులతో చిన్నకోడలు. ఎవరి తలమీదా చెంగు లేదు.

కోర్టుకి పక్కదారి ఉంది. ఎవరూ అటు చూడలేదు. జడ్జీలూ పెద్ద లాయర్లూ ఎక్కే ముందు మెట్ల మీదే, ఒక్కో తలకాయ దింపుతూ ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ ఎత్తుకుంటూ ఎక్కారు. బంట్రోతు హడలిపోయి పెద్ద తలుపులు దగ్గరికి లాగాడు.

"ఎవరు మీరంతా? ఏంటివన్నీ?"

చిన్నకోడలి గొంతు వ్యాను దాకా వినిపించింది. వారం కిందట మెట్ల మీద గుసగుసగా కూడా చెప్పుకోలేని మాటని ఆవరణంతా మోగేలా అరిచింది.

"దివాలా తీసినవాళ్ళం! మేం తియ్యాల్సింది తీసేశాం. ఇక మీరు తలుపు తియ్యండి!"