సత్తవ్వ వీడియో

బోధన్ బీడీ కార్ఖానా ముందు ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే కమీషన్‌దారు, ముసలి సత్తవ్వ చాటను కాలితో తన్నాడు. పొద్దంతా చుట్టిన బీడీలు బురదలో పడ్డాయి. ఏరుకోబోయిన ముసలామెను భుజం పట్టి నూకేశాడు. "పుచ్చు ఆకు ఇచ్చింది నువ్వే గద సేటూ" అన్నందుకు ఆ శిక్ష.

వరుసలో వెనక నిలబడ్డ సింధూజ అంతా ఫోన్‌లో తీసింది. డిగ్రీ చదువుతూ బీడీలు చుట్టే పిల్ల. బీడీ కార్మికుల సంఘం నెట్‌లో నడిపే ఛానల్లో పెడితే రెండు రోజుల్లో జిల్లా అంతా చూసింది. మూడో రోజు వీడియో మాయమైంది. 'ఫిర్యాదు అందింది, తొలగించాం' అని ఛానళ్ల కంపెనీ నోటీసు పంపింది. మళ్లీ పెడితే ఛానలే మూసేశారు. అందులోని ఆరేళ్ల సమ్మెలు, ఊరేగింపులు, చనిపోయినవాళ్ల మాటలు అన్నీ పోయాయి. ఎవరిని నిలదీయాలో తెలియక సింధూజకు కాలు నిలవలేదు.

సంఘం ఆఫీసు ఆడవాళ్లతో కిక్కిరిసింది. సింధూజ బల్ల మీద పాత కంప్యూటరు పెట్టింది.

"మన వీడియోలు గిండ్లనే పెట్టి నెట్‌కు కలుపుదాం, అందరి ఫోన్లల్ల కనవడ్తయి. గవే వీడియోలతోని గిసొంటిదే కోటగిరిల ఒకటి, భీమ్‌గల్‌ల ఒకటి. ఒకదాన్ని గుంజుకపోతే తక్కినయి నడుస్తయి."

కార్యదర్శి మధుకర్ ఒప్పుకోలేదు. "జనమంత గా కంపెనీ దిక్కే ఉన్నరు. మనం మూలకు పోయి ఒర్రితె ఎవలింటరు?"

"గాడ మనం కిరాయికున్నం అన్నా! సెప్పకుంటనే సామాను బయట పారేసిండ్రు."

వాదన ముదిరింది. చేతికి కట్టుతో సత్తవ్వ లేచింది.

"వాడు నన్ను నూకిండు. నూకిండని సెప్పనియ్యలే. గా రెండోదే ఎక్కువ గుంజుతున్నది. మీరు పెట్టుర్రి. ఊరూరు తిరిగి నేను సెప్త."

తిరిగింది. ఆమె వెంట ఇరవై మంది తిరిగారు. మొదట్లో వీడియో ఆగి ఆగి నడిచింది. "గిదేం యవ్వారం" అని విసుక్కున్నారు. అయినా చూశారు. నెల తిరక్కుండానే వేరే కార్ఖానాల ఆడవాళ్లు తమ వీడియోలు పంపారు. మా ఊళ్లో కూడా మిషిన్ పెట్టమన్నారు.

అప్పుడొచ్చింది సంఘం ఆఫీసు ముందుకు పోలీసు జీపు.

"గీ మిషిన్ ఎవలది?" ఎస్సై గద్దించాడు.

"మాది" అన్నారు అందరూ.

కంప్యూటరుతో పాటు సింధూజను జీపెక్కించారు. అంతలో మధుకర్ ఇదంతా తీస్తున్న ఫోన్ ఎత్తి జీపుకు అడ్డం నిలబడ్డాడు.

"గిదంత గిప్పుడే కోటగిరి మిషిన్‌ల నడుస్తున్నది సార్! సూడుర్రి, మీరే కనవడుతున్నరు."

సత్తవ్వ జీపు ముందు రోడ్డు మీద బైఠాయించింది. పక్కన ఇంకొకరు. ఇంకో పది మంది. జీపు కదల్లేదు.

ఎస్సై సింధూజ వైపు తిరిగాడు. "ఇంకెన్ని ఉన్నయే గిసొంటి మిషిన్లు?"

"నిన్నటికి ఐదు. ఇయ్యాల్టి ముచ్చట నాకు తెల్వది సార్."