పంటి మీద చుక్క

"పొద్దున్నుంచి చూస్తున్నాను తోమాసూ, ఇంకా విప్పటంలోనే ఉన్నావు" అన్నాడు వెంకటపతి, కాలవ గట్టు మీద గొడుగేసుకుని నిలబడి.

తోమాసు పలకలేదు. కాలవ నీళ్ళు తోడే ఇంజను పక్క మూతకి ఆరు నట్లు. నాలుగు వచ్చాయి, ఐదోది తుప్పు పట్టి మొండికేసింది. పలకటం మొదలుపెడితే తన నోరు ఆగదని అతనికి తెలుసు. ఈ మహానుభావుడు బెల్టు జారుతోందని గునపంతో ఇంజన్ను వెనక్కి నెట్టి మరీ బిగించాడు, అదీ వారంలో మూడుసార్లు. అంత బిగువు మీద లాగితే క్రాంకు షాఫ్టు విరక్క ఏం చేస్తుంది? మణికట్టంత లావు ఉక్కు ఇరుసు, పుల్లీ పక్కన చెరుకు గడలా తెగింది. పోనీ అప్పుడైనా కబురు పెట్టాడా అంటే, లేదు. వెల్డింగు చేయించి తెచ్చి బిగించాడు. గంట నడిచి మళ్ళీ అక్కడే విరిగింది. అప్పుడు గుర్తొచ్చాడు తోమాసు.

"చిన్న పనేగా" అన్నాడు వెంకటపతి మళ్ళీ.

"చిన్న పనేనండి. మీరెళ్ళి నీడన కూర్చోండి."

తెల్లారితే తూము మూసేస్తారు. మళ్ళీ నీటి వంతు తొమ్మిది రోజులకి. ఈలోగా మెరక మీదున్న ఆరెకరాలు తడవకపోతే ఊడ్చిన వరి మొక్క ఊడ్చినట్టే ఎండుతుంది. అందుకే వెంకటపతికి కాలు నిలవటం లేదు. అవనిగడ్డలో కొత్తగా వచ్చిన మెకానిక్కు అయితే ఈపాటికి బిగించేసేవాడని పొద్దుట్నుంచి నాలుగుసార్లు వినిపించాడు. అవనిగడ్డ వాడి పేరు వింటే చాలు తోమాసుకి ఒళ్ళు మండుతుంది. వాడు నట్టుకి సుత్తి వేసే రకం.

తోమాసుకి అరవై దాటాయి. పొట్టి మనిషి, చేతులు మాత్రం వెడల్పు. ఉప్పెనకి ముందేడు చల్లపల్లిలో రిపేరు షెడ్డు వేశాడు. ఉప్పెన తగ్గాక ఒండ్రులో కూరుకుపోయిన ఇంజన్లను తవ్వి తీసి, మంచినీళ్ళతో కడిగి, ఒక్కొక్కదాన్నీ నడిపించాడు. ఆ ఆర్నెల్లూ భార్య సువార్తమ్మ అతని మొహం సరిగా చూసింది లేదు. ఆ సంగతి ఎవరూ చెప్పుకోలేదు, అతనూ చెప్పుకోలేదు. ఇంజను నడుస్తుంటే మెకానిక్కు ఎవరికి గుర్తుంటాడు?

రెండేళ్ళుగా కళ్ళు పోతున్నాయి. నరం ఎండిపోతోందనీ, ఆపరేషనుకి లొంగదనీ బందర్లో కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆయన రాసిచ్చిన చీటీని తిరుగు బస్సులోనే చింపి పారేశాడు. సువార్తమ్మకి చెప్పలేదు. చెబితే ఆమె ప్రార్థనలో పెడుతుంది. ప్రార్థనలో పెడితే ఆదివారం సాయంత్రానికి చల్లపల్లి నుంచి అవనిగడ్డ దాకా తెలిసిపోతుంది. కళ్ళు లేనివాడి చేతికి ఇంజను ఎవడిస్తాడు?

పదకొండింటికి విరిగిన షాఫ్టు బయటికొచ్చింది. దాని గేరు ఊడదీసి, తను తెచ్చిన కొత్త షాఫ్టుకి ఎక్కించాడు. ఇప్పుడు ఈ చిన్న గేరు పన్ను, ఇంజనులో ఉన్న పెద్ద గేరు సందులో సరిగ్గా కూర్చోవాలి. ఏ పన్ను ఏ సందులోకో తెలియటానికి కంపెనీవాళ్ళు రెండింటి మీదా గింజంత గుంట కొడతారు. పన్ను తప్పితే డీజిలు పడాల్సినప్పుడు పడదు, ఇంజను అంటుకోదు. ఆ గుంటలు కనపడటం మానేశాక, చల్లపల్లి ఫ్యాన్సీ షాపులో ఎర్ర గోళ్ళ రంగు కొని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. గోటితో తడిమి, గుంట మీద చుక్క పెట్టి, ఆరనిచ్చి పనిలోకి దిగుతాడు. ఎవరైనా చూస్తే మెకానిక్కు పద్ధతి అనుకుంటారు.

రెండు చుక్కలూ పెట్టి, షాఫ్టును గోనె మీద పడుకోబెట్టి, క్యారేజీ తీసుకుని తుమ్మచెట్టు కిందికి వెళ్ళాడు. తిని వచ్చేసరికి వెంకటపతి తల్లి అమ్మాజీ ఇంజను షెడ్డులోంచి బయటికొస్తోంది. ఎనభై ఏళ్ళావిడ, చేతిలో కుంకుమ భరిణె.

"కొత్త సామాను కదా, బొట్టు పెట్టానయ్యా" అంది.

"మంచిదండమ్మగారూ" అన్నాడు. ఇంజను నుదుటి మీద పెట్టి ఉంటుందనుకున్నాడు.

షాఫ్టు ఎత్తి చూస్తే చుక్క ఇవాళ భలే కనపడుతోంది. ఎర్రగా, ఇంత లావున. పెద్ద గేరు మీదా అంతే. ఎండ బాగుందనుకున్నాడు, మనసు కాస్త తేలికపడింది కూడా. చుక్కకి చుక్క కలిపాడు, మూత బిగించాడు. మూడింటికి హ్యాండిల్ తిప్పాడు.

ఇంజను అంటుకోలేదు. రెండోసారి ఎదురుతన్ని అతని మణికట్టు విదిలించింది. మూడోసారి తెల్లటి పొగ కక్కి ఊరుకుంది.

"ఇదేనా ఇరవై ఏళ్ళ అనుభవం?" అన్నాడు వెంకటపతి. "అవనిగడ్డకి మనిషిని పంపనా?"

తోమాసు మళ్ళీ ఆరు నట్లూ విప్పాడు. కళ్ళు పక్కన పెట్టి గోటితో తడిమాడు. గేర్లు కలిసిన చోట గుంట లేదు. వేలు మాత్రం ఎర్రగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుంకుమ వాసన. అసలు గుంట మూడు పళ్ళ అవతల ఉంది.

కోపం ఆపుకోలేక వెంకటపతి వైపు తిరిగాడు. "మీ అమ్మగారు గుర్తుల పక్కన బొట్లు పెట్టారండి. ఇంక ఇంజనెలా నడుస్తది?" అనేశాడు.

వెంకటపతి తల్లి మీద విరుచుకుపడ్డాడు. ఇనప సామానుకి బొట్టేవిటన్నాడు, ఆరెకరాలు ముంచావన్నాడు, ఇంట్లో కూర్చోలేవా అన్నాడు. ఆవిడ మాట్లాడకుండా వచ్చి, వంగి, పైట చెంగుతో బొట్లు తుడిచింది. తుడుస్తూ అతనికొక్కడికే వినపడేలా అడిగింది.

"నాది కుంకుమ, నీది గోళ్ళ రంగు. నాది అర్ధరూపాయంత, నీది ఆవగింజంత. నీకు తేడా తెలీలేదా నాయనా?"

తోమాసు తల దించి వేలికంటిన ఎరుపు గుడ్డకి తుడుచుకున్నాడు.

ఆవిడ లేచి నిలబడి కొడుకు వైపు తిరిగింది. "నాదే తప్పురా. ముసలిదాన్ని, తెలీక చేశాను. అతన్ని పని చేసుకోనీ."

ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. తోమాసుకి బయటపడే దారి అదే దొరికింది, తీసుకుంటే చాలు. తోమాసు కళ్ళు మూసుకుని గోటితో గుంట పట్టుకుని, పన్ను సందులో కూర్చోబెట్టాడు. ఐదింటికి హ్యాండిల్ తిప్పితే ఒక్క తిప్పుకే అంటుకుంది. పైపు నోటినుంచి కాలవ నీళ్ళు బోదెలో పడ్డాయి. వెంకటపతి గొడుగు మూసి నీళ్ళ వెంట నాలుగడుగులు నడిచి వెనక్కొచ్చాడు. అప్పటికీ గొణుగుడు ఆపలేదు.

"పూటంతా పాడు చేసింది మా అమ్మ. ఇంకెప్పుడూ ఈ షెడ్డు గడప తొక్కనివ్వను."

తోమాసు చేతులు తుడుచుకున్నాడు. తనది కాని తప్పు మోసుకుని ఆ ముసలావిడ రాట పట్టుకుని నిలబడి ఉంది, దాన్ని ఇంటిదాకా మోయించటం అతనివల్ల కాలేదు.

"ఆవిడ తప్పు లేదండి" అన్నాడు. "నాకే కనపడటంలా. రెండేళ్ళయింది."

వెంకటపతి గిరుక్కున తిరిగాడు. ఇంజను వైపు చూశాడు, అతని వైపు చూశాడు.

"మరి... ఈసారి ఏదన్నా వస్తే?"

"అవనిగడ్డలో అతన్ని పిలిపించుకోండి. పని వచ్చినోడే." ఆ మాట నోటినుంచి వచ్చాక తోమాసుకి విచిత్రంగా ఒళ్ళు చల్లబడింది. "బెల్టు మాత్రం అంత బిగించకండి బాబుగారూ. వేలితో నొక్కితే కాస్త లొంగాలి."

రోడ్డు మీద బస్సు హారను వినపడింది. అది చల్లపల్లి వెళ్ళేదేనా అని అమ్మాజీని అడిగాడు. అవునంది. చెప్పులు తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని, గట్టు వెంట కాలితో దారి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

బస్సు కదిలాక గానీ ఆవిడ షెడ్డులోకి చూడలేదు. గోనెపట్టా మీద అతని పానాలన్నీ తుడిచి పెట్టి అలాగే ఉన్నాయి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా, ఒక్కోదానికీ మధ్య సరిగ్గా రెండు వేళ్ళ ఎడం.