కోటి కిలోమీటర్లకు రెండు వేళ్లు

మా వీధిలో శనిగ్రహం కోసం ఇద్దరు తోడికోడళ్లు కొట్లాడుకున్నారంటే ఎవరూ నమ్మరు. శనిని వదిలించుకోవడానికి ఎవరైనా నానా తంటాలు పడతారు గానీ, నాకంటే నాకని గుంజుకుంటారా? గుంజుకున్నారు. ఒకరు మా అత్తగారు, రెండోవారు మా చిన్నత్తగారు. అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నలిగింది నేను.

వీధి మొదట్లో ఉన్న పిల్లల గ్రంథాలయం నడపడం నా ఉద్యోగం. అక్కడి గోడ మీద సౌరకుటుంబం బొమ్మ ఒకటుంది. అందులో గ్రహాలన్నీ బస్సెక్కడానికి తోసుకుంటున్న జనంలా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. ఆ అబద్ధాన్ని చూసీ చూసీ నాకు ఒళ్లు మండి, గ్రహాలను వాటి అసలు దూరాల్లో వీధి పొడవునా పెడతానన్నాను. ఆదివారం బడిపిల్లలు చూడ్డానికి వస్తారు. లెక్క తేలికే. మీటరంటే కోటి కిలోమీటర్లు. గ్రంథాలయం గుమ్మానికి వేలాడదీసిన చిన్న బంతి సూర్యుడు. బుధుడూ శుక్రుడూ మా మెట్లు దిగగానే అయిపోయారు. పదిహేను మీటర్ల దగ్గర ఆవగింజంత భూమి. అది హెయిర్ కటింగ్ షాపులో పడింది కాబట్టి మన భూగోళం మీద రోజంతా వెంట్రుకల వాన కురుస్తుంది. గోళీకాయంత గురుడు మందుల దుకాణానికి దక్కాడు. అన్నిటికంటే పెద్ద గ్రహం తనదేనని ఆ దుకాణదారు జ్వరంతో వణుకుతూ వచ్చినవాళ్లను కూడా నిలబెట్టి చెబుతున్నాడు. నెప్ట్యూన్ వీధి దాటి పెట్రోలు బంకు దాకా పోయింది.

"మరి పక్క నక్షత్రం ఎక్కడ పెడతారు?" అని కటింగ్ షాపాయన అడిగాడు.

"ఇదే లెక్కన నాలుగు వేల కిలోమీటర్ల అవతల."

"అయితే మేకు కొట్టడానికి నన్ను పిలవకండి," అన్నాడాయన.

మా అత్తగారికి అదే వీధిలో కుట్టు దుకాణం ఉంది. దాన్ని ఆనుకునే చిన్నత్తగారి చెప్పుల దుకాణం. ఒకప్పుడు రెండూ ఒకే పెద్ద కొట్టు. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. మామగార్లిద్దరూ ఇప్పుడు లేరు. గోడ మాత్రం నిక్షేపంలా ఉంది.

నా దగ్గర పొడవాటి టేపు లేకపోతే అత్తగారే పది మీటర్ల గుడ్డపట్టీ కుట్టి, మీటరు మీటరుకూ ఎర్రదారంతో గుర్తు వేసి ఇచ్చారు. అంతటితో ఆగలేదు. శనిని కూడా తనే తయారు చేశారు. ఒక గుండీకి లేత పసుపు పట్టుగుడ్డ బిగించి, చుట్టూ సీసా మూతంత వలయాన్ని లేసుతో కుట్టి, అది వాలిపోకుండా గంజి పెట్టారు. నిజం చెప్పాలంటే ఆకాశంలో ఉన్నది కూడా అంత ముచ్చటగా ఉంటుందని నేననుకోను.

"ఇది మన కొట్లోనే పడుతుందిగా అమ్మాయ్?" అని అడిగారు.

"లెక్క ఎక్కడికి వస్తే అక్కడ, అత్తయ్యా."

"లెక్క సంగతి సరే. నలభై ఏళ్ల నుంచి నేను కుట్టినవన్నీ ఎవరెవరి ఒంటి మీదో ఊరేగుతున్నాయి. ఇదిగో, ఇది నేను చేశానని చూపించుకోవడానికి నా కొట్లో ఒక్క ముక్క లేదు. ఇదొక్కటీ నా దగ్గర ఉండిపోతే చాలు."

ఆమె ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదటిసారి. పట్టీని పదేసి మీటర్లుగా పరుస్తూ కొలుస్తూ పోతుంటే, ఇక్కడే ఆగు తల్లీ అని లోలోపల బతిమాలుకున్నాను కూడా. పట్టీ ఆగలేదు. శని కోసం నూట నలభై మూడో ఎర్రగుర్తు అత్తగారి కొట్టు దాటి, గోడ దాటి, తిన్నగా చెప్పుల దుకాణం మధ్యకు వెళ్లి కూర్చుంది.

చిన్నత్తగారు పకపకా నవ్వారు. "కంగారు పడకక్కా, నీ గుండీకి మంచి చెప్పుల జత పక్కనే చోటిస్తాలే."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని ఊరికే అనలేదు. అత్తగారి ముఖం మాడిపోయింది. ఆ కోపం చిన్నత్తగారి మీద చూపించారా? లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు వచ్చి నా మీద పడింది.

"నువ్వు నా కోడలివా, దాని కోడలివా?"

ఆ సాయంత్రం నుంచి నాతో మాటల్లేవు. నాకు చెప్పాల్సినవన్నీ మా ఆయనకు చెప్పేవారు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే. "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నీ పెళ్లాంతో చెప్పు." ఆయన నా వైపు తిరిగి చెప్పేలోపు పాలు పొంగిపోయేవి. చెప్పుల దుకాణం ముందు మాత్రం అప్పుడే జనం మూగుతున్నారు. శనిని చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే పోవడం బాగుండదని ఒక జత చెప్పులు కూడా కొనుక్కు పోతున్నారు. అది పుండు మీద కారం చల్లినట్టయింది.

శనివారం పొద్దున అత్తగారు వడ్రంగిని ఇనుప టేపుతో సహా వెంటబెట్టుకొచ్చి వీధి మధ్యలో నిలబడ్డారు.

"అందరూ రండి! మా కోడలి కొలత ఎంత చక్కనిదో చూద్దురుగాని!"

ఇలాంటి పిలుపుకు మా వీధిలో ఎవరూ ఆలస్యం చేయరు. సగం గడ్డం గీయించుకున్న మనిషి కూడా నురుగుతోనే బయటికొచ్చాడు. నేను పట్టీని నేల మీద పరిచాను. వడ్రంగి దాని పక్కనే టేపు లాగాడు. మీటరు దగ్గర టేపు ఆగింది. పట్టీ మీది ఎర్రదారం ఇంకా రెండు వేళ్లు అవతల ఉంది. రెండో మీటరుకు నాలుగు వేళ్లు.

అందరికంటే ముందు అర్థమైంది చిన్నత్తగారికి. "అక్కా! సౌరకుటుంబానికి కూడా లూజు పెట్టావా?"

మా అత్తగారు కొలతకు సరిగ్గా గుడ్డ కత్తిరించిన పాపాన ఎన్నడూ పోలేదు. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఉండాలని ప్రతి కుట్టులోకీ రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదులుతారు. చెయ్యి అలవాటు పడిపోయింది. కోటి కిలోమీటర్లకు రెండు వేళ్ల చొప్పున అంతరిక్షానికీ వదిలేశారు.

"శని ఒళ్లు చేస్తాడనుకున్నావా?" అన్నారు చిన్నత్తగారు. నురుగు మనిషి నవ్వలేక దగ్గాడు.

అత్తగారు తల పైకెత్తలేదు. "మళ్లీ కొలవండి," అన్నారు.

టేపుతో మొదటి నుంచీ కొలిచాం. గురుడు మందుల దుకాణంలోనే ఉండిపోయాడు. శని మాత్రం వెనక్కి జరిగి, గోడకు ఇటువైపు, మా అత్తగారి కొట్లో చివరి అర దగ్గరికి వచ్చింది. చిన్నత్తగారు లోపలికి వెళ్లి, గుండీని అరచేతిలో పెట్టుకుని తెచ్చి ఇచ్చారు. అత్తగారు దాన్ని అర మీద పెట్టి, వలయాన్ని చిటికెనవేలితో సరిచేశారు. నా వైపు చూసి, "కాఫీ తాగుతావా అమ్మాయ్?" అన్నారు. క్షమాపణ అంటే మా ఇంట్లో అదే. అంతకంటే ఎక్కువ నేనూ అడగను.

కథ అక్కడ ఆగితే నాకెంతో బాగుండేది. చిన్నత్తగారు గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఇది సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నావు కదమ్మా. ఎప్పుడూ ఇంతే దూరంలో తిరుగుతుందా?"

నోరు మూసుకుంటే పోయేది. ఇంట్లో కాఫీ కూడా పొయ్యెక్కబోతోంది. కానీ గ్రంథాలయం గోడ మీది బొమ్మ అబద్ధమని అంత గొడవ చేసి, ఇప్పుడు నేనే ఒకటి ఆడితే ఏం బాగుంటుంది?

"లేదు చిన్నత్తయ్యా. దాని దారి గుండ్రంగా ఉండదు, కాస్త కోలగా ఉంటుంది. నూట నలభై మూడు అన్నది సగటు. దగ్గరికి వచ్చినప్పుడు అత్తయ్య గుమ్మం దాకా వస్తుంది. దూరం పోయినప్పుడు మీ అవతలి గోడ దాకా పోతుంది. ఒక చుట్టుకు ముప్పై ఏళ్లకు కాస్త తక్కువ. సగం కాలం ఇక్కడ, సగం కాలం అక్కడ."

"ఇప్పుడు?" అన్నారు అత్తగారు.

ఆమె ముఖంలోకి చూడలేక టేపు చుట్టడం మొదలుపెట్టాను. "ఇప్పుడిప్పుడే గోడ దాటి అటు పోయింది అత్తయ్యా. పదిహేనేళ్లకు గానీ ఇటు రాదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు, చిన్నత్తగారు కూడా. "పోనీలే అక్కా, నీ దగ్గరే ఉంచుకో. ఆకాశంలో వాళ్లొచ్చి అడుగుతారా ఏమిటి?" అన్నారు.

అత్తగారు ఆ గుండీ వైపు చూశారు. కళ్లు తడిశాయి, నేను చూశాను. తర్వాత దాన్ని అర మీద నుంచి తీసి, వలయం నలగకుండా రెండు వేళ్లతో పట్టుకుని, వెళ్లి తోడికోడలి చేతిలో పెట్టారు.

"దుమ్ము పడనివ్వకు. గంజి తగ్గితే నాకు చెప్పు, నువ్వు పెట్టకు, నీకు చేతకాదు. పదిహేనేళ్లు నిండిన మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోతా."

"పదిహేనేళ్లా! అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది."

"నాకు ఎనభై. అయితే ఏం? అప్పగించకుండా నడుమన నువ్వు చచ్చావంటే మాత్రం ఊరుకోను."

"నువ్వు తీసుకోకుండా చస్తే నేను ఊరుకుంటానా?" అన్నారు చిన్నత్తగారు, శనిని గుప్పిట్లో దాచుకుంటూ.