ఆరో పీలిక

మూడో కరెంటు స్తంభానికి తెల్లగుడ్డ పీలిక కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూసుకున్నాడు ఆదిమూలం. ముడి గట్టిగానే ఉంది. తలెత్తి తీగల కోసం వెతికాడు. పాలు విరిగినట్టున్న ఆకాశం తప్ప ఏమీ ఆనలేదు. కళ్ళు నులుముకుని నాలుగో స్తంభం వైపు నడిచాడు. స్తంభాలు కనిపిస్తున్నాయి కదా, స్తంభం లేకుండా తీగ ఉంటుందా అని రెండేళ్ళుగా తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు.

అతని పని జెండా పట్టడం. పురుగుమందు చల్లే చిన్న విమానం చేని మీద పది పన్నెండు అడుగుల ఎత్తున, నాగలి సాలు పోయినట్టు ఒక్కో సాలే పోతుంది. ఏ సాలున పోవాలో చేని చివర నిలబడి జెండా ఊపి చూపించాలి. అది నెత్తి మీదుగా పోయాక కొన్ని బారలు పక్కకు జరిగి మళ్ళీ ఊపాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. జెండా మోసి మోసి ఎడమ భుజం కిందికి వాలిపోయింది. మందు తుంపర పడీపడీ వేళ్ళ సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. ఆకుముడత పట్టిన ప్రతి ఊరి శెనక్కాయ రైతుకీ విమానం గుర్తుంటుంది, జెండా పట్టినవాడు గుర్తుండడు. అందుకు ఆదిమూలం ఎన్నడూ నొచ్చుకోలేదు.

అంత కిందుగా ఎగరడానికి కట్టుబాట్లున్నాయి. ఇంగ్లీషులో అచ్చేసిన ఆ కాగితాన్ని ఆదిమూలం చదవలేడు గాని, అందులో ఉన్నదంతా కంఠతా వచ్చు. జెండా మనిషి చేనంతా నడిచి చూడనిదే విమానం లేవకూడదు. తీగ ఉన్న ప్రతిచోటా గుడ్డ ఉండాలి. తీగ కింద దూరకూడదు. ఇళ్ళ మీద, మందల మీద దిగకూడదు. జెండా ఊగుతుంటేనే దిగాలి. జెండా మనిషి జెండా కర్రను రెండు చేతులా నిటారుగా ఎత్తి కదలకుండా నిలబడితే, కారణం అడక్కుండా పైకి లేచిపోవాలి.

వెనకటికి ఒక పైలటు ఉండేవాడు. బంగారుపాళ్యం దగ్గర జనం గుమిగూడి చూస్తున్నారని ఉషారెక్కి తీగల కింద దూరబోయాడు. అతణ్ణి దుప్పట్లో పోగుచేసి తెచ్చినవాళ్ళలో ఆదిమూలమూ ఒకడు. ఆ రోజు నుంచి ఆ కాగితం అతనికి దేవుడి పటంతో సమానమైంది. ఇప్పుడున్న భానుచందర్ చిత్తూరు కుర్రాడు, ముప్పయ్యేళ్ళుంటాయి, బుద్ధిమంతుడు. "నువ్వు జెండా ఊపితే సాలన్నా, నేను కండ్లు మూసుకోని దిగుతా" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆదిమూలం తల తిప్పుకుని జెండా గుడ్డ సర్దుకునేవాడు.

కళ్ళలో పువ్వు వేసి చూపు మసకబారిన సంగతి శకుంతలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున ఆమె పచ్చంచు పాత పంచెను ఆరు పీలికలుగా చింపి ఇస్తూ మళ్ళీ అడిగింది.

"ఈ పొద్దన్నా ఆ కంపెనీ సారుకు సెప్పరాదా, కండ్లు ఆనలేదని?"

"ఈ ఒక్క చేను కానీమే. ఆపైన తిరుపతికి పొయ్యి ఆపరేషను చేయించుకుంటా."

"పోయిన పంట కారులో గూడా ఇదే మాట అంటివి. నీకేమన్నా అయితే నేను ఏడుస్తా, సరే. ఆ పిల్లోడికి ఏమన్నా అయితే?"

అతను పీలికలు ఒక్కొక్కటే మడుచుకున్నాడు. సారుకు చెబితే ఇంట్లో కూర్చోమంటారు. జెండా లేని ఆదిమూలం ఎవరు? పీలికలు భుజాన వేసుకుని జీపెక్కాడు.

ఏర్పేడుకు పడమరగా ఉన్న ఈ చేను పెంచలయ్యది. గట్టు మీద పండ్లపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు. అయిదో స్తంభానికి గుడ్డ కట్టి వచ్చి ఆదిమూలం అడిగాడు.

"పెంచలయ్యా, కొత్తగా తీగలేమన్నా లాగినావాప్పా?"

"యాడబ్బా! ఉండేవన్నీ నువ్వు సూసినవే గదా."

అంటూ పెంచలయ్య, ఆదిమూలం ఒంటి మీద కంపెనీ వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కాను ఒకసారి, చేని చివరి తాడిచెట్టును ఒకసారి చూశాడు. ఖాకీ కనిపిస్తే రైతుకు కరెంటాఫీసే గుర్తొస్తుంది. ఆ చూపు ఆదిమూలానికి ఆనలేదు. అయిదు స్తంభాలు, అయిదు పీలికలు. ఆరోది భుజాన మిగిలిపోయింది. ఎందుకో దాన్ని ఒకసారి తడుముకున్నాడు. చేనంతా చూశానని చీటీ మీద వేలిముద్ర వేసి ఇస్తే జీపు విమానం దగ్గరికి వెళ్ళిపోయింది.

చెప్పులు గట్టున విడిచి చేలోకి దిగాడు. రాత్రి కురిసిన వానకు నేల పదునుగా ఉంది. జెండాకు వెదురు కర్ర బరువవుతోందని ఈ ఏడు కంపెనీ అల్యూమినియం గొట్టం ఇచ్చింది. పిల్లనగ్రోవిలా తేలిక.

విమానం వచ్చింది. మొదటి సాలు, రెండోది, మూడోది. తుంపర మొహాన పడుతుంటే తువ్వాలుతో తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. ప్రతిసారీ తాడిచెట్టుకు దగ్గరవుతున్నాడు. నాలుగో సాలుకు నిలబడేసరికి తొమ్మిదైంది. పల్లెకు కరెంటు వచ్చే వేళ.

ఎక్కడో వెనక మోటారు గుర్రుమంది. నీళ్ళు దబదబా పడుతున్నాయి.

ఆదిమూలం జెండా ఊపుతూనే చెవి రిక్కించాడు. తాడిచెట్టు అవతల మోటారు. ఆ వైపు స్తంభం లేదు. పొద్దున నడిచి చూశాడు, లేదు. స్తంభం లేకుండా మోటారు ఎట్లా తిరుగుతుంది? దొంగ కరెంటు తీగను చెట్టుకు కట్టి లాగారు. పెంచలయ్య అబద్ధం చెప్పాడు. కళ్ళుంటే ఆ అబద్ధం నిలిచేదే కాదు.

తల పైకెత్తాడు. తెల్లటి మసక. తీగ ముందుందో వెనకుందో తెలియలేదు. చేని అవతలి కొసన విమానం మలుపు తిరిగి ముక్కు దించుతోంది. ఆ చప్పుడు అతనికి తెలుసు. జెండా నిటారుగా ఎత్తితే భానుచందర్ వచ్చి అడుగుతాడు, ఏమైందన్నా అని. ఇక కళ్ళ సంగతి దాగదు. పద్దెనిమిదేళ్ళ పని ఈ పూటతో సరి. దాగకపోతే పోనీ, పిల్లోడు బతకాల అనుకున్నాడు ఆదిమూలం. అట్లా అనుకున్నాక గుండె తేలికపడింది.

గొట్టాన్ని రెండు చేతులా పట్టి, మునివేళ్ళ మీద లేచి, ఎంత ఎత్తగలడో అంత ఎత్తాడు.

భానుచందర్‌కు జెండా నిటారుగా లేవడం కనిపించింది. కారణం అడక్కుండా విమానాన్ని పైకి లాగాడు. చక్రాలు తాడిచెట్టు మట్టల పైనుంచి దాటిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే చేలో జెండా లేదు.

అతను జీపులో వచ్చేసరికి పెంచలయ్య ఫ్యూజు పీకేసి, గట్టున కూలబడి నెత్తి కొట్టుకుంటున్నాడు. శెనక్కాయ మొక్కల మధ్య ఆదిమూలం పక్కకు తిరిగి పడుకున్నట్టున్నాడు. అరచేతులు నల్లబడ్డాయి, ఊపిరి లేదు. కొస కమిలిన గొట్టం దూరంగా పడి ఉంది. అతను నిలబడిన చోటికి సరిగ్గా పైన, తాడిచెట్టు నుంచి వేలాడుతూ ఒక సన్నటి తీగ.

"అడిగినాడు సామీ. నన్ను అడిగినాడు. నేనే లేదంటి."

భానుచందర్ తలెత్తి ఆ తీగను చూశాడు. వంగి ఆదిమూలం భుజాన ఉన్న పీలికను తీసి పెంచలయ్య చేతిలో పెట్టాడు.

"కట్టు" అన్నాడు.

పెంచలయ్య ఏడుస్తూనే చెట్టెక్కాడు. సాయంత్రం శకుంతలమ్మను ఆసుపత్రికి తీసుకుపోతూ జీపు ఆ దారిన వచ్చినప్పుడు, చేలో ఎవరూ లేరు. తాడిచెట్టుకు పచ్చంచు పీలిక ఒకటి, రెండుసార్లు లాగి బిగించిన ముడితో, గాలికి ఊగుతూ ఉంది.