బకెట్ల వరుసలో ఖాళీ

సైన్సు టీచరు బడితోటకి లీడరుగా పెట్టిన రోజునుంచీ ఆ పిల్లకి "హెడ్డమ్మ" అనే పేరు అతుక్కుపోయింది. ఆమె కింద ఐదుగురు. నీళ్ళతొట్టి నుంచి టమాటా మడి దాకా వాళ్ళు వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చేవాళ్ళు. హెడ్డమ్మ మాత్రం నడుం మీద చేతులేసుకుని, "నత్తలు నయం మీకంటే!" అని గదమాయించేది.

ఆ మధ్యాహ్నం వరుస చివర నిలబడే లంబుకి జ్వరం, రాలేదు.

"నువ్వే నిలబడక్కా, లీడరువి కదా," అంది అందరిలోకీ చిన్నదైన బుడ్డి.

రోషం పొడుచుకొచ్చి హెడ్డమ్మ వెళ్ళి నిలబడింది. ఎండ మాడ్చేస్తోంది. తల దించుకుని బకెట్ అందుకోవడం, మడిలో కుమ్మరించడం. ఐదారు బకెట్లయ్యాక అందిస్తున్న చెయ్యి తన వేళ్ళకి తగిలింది. మంచుముక్కలా ఉంది. గోళ్ళనిండా తడిమట్టి.

"నీ చెయ్యేంటే ఇంత చల్లగా ఉంది?" అంటూ తలెత్తింది.

బుడ్డి ఆరడుగుల అవతల ఉంది, ఉత్త చేతుల్తో.

"నేనెప్పుడో ఇచ్చేశాగా. నువ్వే చెయ్యి చాపావు."

"నేను చాపలేదే!"

హెడ్డమ్మ లెక్కపెట్టింది. తనతో కలిపి ఐదుగురే. తనకీ బుడ్డికీ మధ్య ఖాళీలో రెండు తడి అడుగులు, అంత ఎండకీ ఆరకుండా ఉన్నాయి.

తోటమాలి తాతని పిలిచింది. ఆయన ఆ అడుగుల్ని చూసి తలపాగా సర్దుకున్నాడు. "ఎవరని అడక్కమ్మా. ముప్ఫై ఏళ్ళుగా నేనూ అడగలేదు," అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకోరోజైతే హెడ్డమ్మ నోళ్ళు మూసుకుని పని చూడమనేది. ఇవాళ అందర్నీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. "నాకు భయంగా ఉంది. ఏం చేద్దామో మీరే చెప్పండి."

ఆమె నోట అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. కాసేపు గుసగుసలాడుకుని, ఖాళీ లేకుండా దగ్గరగా నిలబడదామన్నారు.

నిలబడ్డారు. వరుస పొట్టిదైపోయింది. ప్రతి బకెట్‌తోనూ మడి దాకా పరిగెత్తాలి, సగం నీళ్ళు దారిలోనే పోతున్నాయి. ఇంతలో బుడ్డి ఆమె జాకెట్టు లాగింది. తడి అడుగులు ఇప్పుడు మడి గట్టున ఉన్నాయి, వేళ్ళు వీళ్ళవైపు తిరిగి.

"పాపం, మనం వెలేసినట్టుందక్కా."

హెడ్డమ్మ అందరి మొహాల్లోకీ చూసింది. ఒక్కొక్కరే తలూపారు.

"సరే, ఎడంగా జరగండి."

కళ్ళు మూసుకుని చేతులు చాపింది. బకెట్ వచ్చి చేతుల్లో వాలింది, చుక్క ఒలక్కుండా.

ఎండ వాలేసరికి మడంతా తడిసింది. తొట్టి దగ్గర ఐదుగురూ చేతులు కడుక్కున్నారు. హెడ్డమ్మ కొళాయి కట్టబోయి, ఆగి, పక్కకి జరిగింది. తెల్లటి ధార కాసేపు ఊరికే పడింది. తర్వాత మట్టిరంగుకి తిరిగింది.