రెండు పొరల పూత

పెళ్లయి మూడు నెలలైనా కాకుండానే పిన్ని నెత్తి మీదికి పెద్ద బాధ్యత తెచ్చుకుంది. బావగారి ఏడేళ్ల కూతురు పిడుగును తనే ఈతకు తీసుకెళ్తానని, ఒంటి మీద ఒక్క కొత్త మచ్చ లేకుండా తిరిగి తెస్తానని తోడికోడలికి మాటిచ్చేసింది.

పిడుగుకు ఎగ్జిమా. పోయినసారి పూల్‌లో దిగి వచ్చాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం పగిలి రసి కారింది. వారం రోజులు ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకు లేదు.

"ఇదే ఆఖరిసారి చెల్లీ," అంది తోడికోడలు. "ఈసారి కూడా తిరగబెట్టిందంటే ఈత మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు."

పిడుగు పెదవి బిగించి వింది. బడి పిల్లలంతా ఈదుతుంటే గట్టు మీద కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాసేది తనే మరి.

తోడికోడలు అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది. నీళ్లలో దిగడానికి అరగంట ముందు ఆయింట్‌మెంట్ పలచగా పూయాలి. నీళ్లలో ఇరవై నిమిషాలే. బయటికి రాగానే మామూలు నీళ్లతో స్నానం. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. తడి ఆరకముందే క్రీము. పిన్ని దాన్ని డిగ్రీ పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టింది. తీరా ఆ పొద్దున కొత్త మొగుడు ముచ్చటపడి టీ పెట్టి తెచ్చాడు, చక్కెర బదులు ఉప్పు వేసి. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుండగానే బస్సు వెళ్లిపోయింది.

దాంతో ఆయింట్‌మెంట్ పూయడం పూల్ దగ్గర బట్టలు మార్చుకునే గదిలోనే మొదలైంది. ఆలస్యమైంది కదా, పలచగా పూస్తే చాలదేమోనని భయం. ఒక పొర పూసి, దాని మీద ఇంకో పొర పూసింది.

"పిన్నీ, నేను వెళ్లేది నీళ్లలోకా, పెనం మీదకా?" అంది పిడుగు.

పక్క బెంచీ మీద జుట్టు ముడేసుకుంటున్న ఒకావిడ పిల్ల చేతుల వంక అనుమానంగా చూసింది. "తామరా అది? అందరు పిల్లలూ దిగే నీళ్లు కదమ్మా."

పిన్ని పిల్లను తన వెనక్కి లాక్కుంది.

"ఎగ్జిమా ఆంటీ, అంటుకోదు," అంది పిడుగు. "అంటుకునేదైతే మా బాబాయికి ఎప్పుడో అంటుకునేది. ఆయనకున్నది చుండ్రు ఒక్కటే."

ఆవిడ నవ్వాపుకుంటూ మళ్లీ జుట్టు ముడేసుకోవడంలో పడింది.

నీళ్లు పిన్నికి ఛాతీ దాకా వచ్చాయి. పిడుగుకైతే కాళ్లందవు. కోచ్ మేడమ్ అవతలి చివర పెద్దపిల్లలతో ఉంది. పిన్ని రెండు అరచేతులూ పిల్ల పొట్ట కింద పెట్టి తేల్చింది. ఎప్పుడు మండిందంటుందోనని పిల్ల మొహం వంకే చూసింది.

"మండట్లేదు పిన్నీ! అస్సలు మండట్లేదు!"

ఆ సంతోషంలో పిల్ల గిర్రున వెనక్కి తిరిగింది. అంతే, తడి సబ్బుముక్కలా చేతుల్లోంచి జారిపోయింది.

పిన్ని చెయ్యి పట్టుకుంది, జారింది. భుజం పట్టుకుంది, అదీ జారింది. నీళ్ల కింద రెండు కళ్లు తెరుచుకుని తన వంకే చూస్తున్నాయి. కాలు దొరికినట్టే దొరికి వేళ్ల మధ్యలోంచి వెళ్లిపోయింది. చివరికి ఈత డ్రస్సు వీపు మీది పట్టీ వేలికి తగిలితే, దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

పిడుగు దగ్గి, నీళ్లు కక్కి, పిన్ని మెడను కరుచుకుపోయింది.

కోచ్ మేడమ్ పరుగున వచ్చి పిల్ల చేయి తడిమి చూసింది. "ఇంత పూసి వెంటనే దింపారా? అరగంట ఆగితే ఒంట్లోకి ఇంకేది కదా. అయినా ఇలాంటి పిల్లల్ని ఒంటి దగ్గర కాదమ్మా, బట్ట దగ్గర పట్టుకోవాలి."

స్నానం, అద్దడం, క్రీము, అన్నీ కాగితంలో రాసినట్టే జరిగాయి.

"అమ్మకి చెప్పకు పిన్నీ. చెప్పావంటే మళ్లీ చెప్పుల కాపలానే."

డ్యూటీ దిగి తోడికోడలు నేరుగా గేటు దగ్గరికే వచ్చింది. అక్కడే కూతురి మోచేతులు, మోకాళ్ల వెనక, మెడ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా ఎరుపు లేదు. "సాధించావు చెల్లీ!" అంది మొహమంతా వెలిగిపోతూ.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పిన్ని ఊరుకోలేకపోయింది.

"అక్కా, ఇది నా చేతుల్లోంచి జారి మునిగిపోయింది. నేను రెండు పొరలు పూశాను, అప్పటికప్పుడు."

తోడికోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎంతసేపు?"

"నాలుగు లెక్కపెట్టేంత. అంతకంటే ఎక్కువేనేమో. తెలీదక్కా."

తోడికోడలు గేటు పక్క మెట్టు మీద కూలబడి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పిన్ని ఎదురుగా నిలబడే ఉంది.

"నాకు మచ్చల భయమే తప్ప ఇంకో భయం తట్టలేదు," అంది తోడికోడలు చివరికి. తర్వాత కూతురి వైపు తిరిగింది. "మళ్లీ దిగుతావే?"

పిడుగు పిన్ని చేతుల వంక చూసింది.

"భయమేసిందమ్మా. కానీ దిగుతాను."

"వచ్చే ఆదివారం డ్యూటీకి సెలవు పెట్టి నేనూ వస్తాను," అంది తోడికోడలు. "ఇద్దరం చెరోవైపు పట్టుకుందాం చెల్లీ. ఒక్కదానివే వద్దు."