పిప్పి

సాయంత్రం దీపం పెట్టగానే గుప్పెడు ధనియాలూ కాస్త జీలకర్రా కచ్చాపచ్చాగా దంచి, అతిమధురం ముక్క చితక్కొట్టి మట్టిముంతలో నానబోస్తాను. పొద్దున్నే పల్చటి గుడ్డలో వడగట్టి, పటికబెల్లం కలిపి మా ఆయన చేతికిస్తాను. ఆయనకు పులితేన్పులు. మంట గొంతుదాకా ఎగదన్నుతుంది. బొబ్బిలి నుంచి వచ్చే వైద్యుడు జగన్నాధం ఈ నీళ్లు చెబుతూ ఒక మాట గట్టిగా అన్నాడు. "అమ్మా, మందు సగమే. బాబుకి వేళకి అన్నం పడాల. కాళీ కడుపుతో ఉంటే ఏ మందూ పన్జెయ్యదు." అప్పటినుంచి ఆయన అన్నం వేళ తప్పలేదు. గుడ్డలో మిగిలిన పిప్పి నేను నములుతాను.

ఎందుకు నములుతావని ఎవరూ అడగలేదు. నాకూ మంటే. ఒకే ఒక్కసారి పైకి చెప్పాను. ఆ రోజు మా మరిది, తోటికోడలు లక్ష్మీనరసమ్మకు పొందూరు చీర తెచ్చాడు. నేను పొట్ట పట్టుకుని, "అత్తా, కడుపులో మండతన్నాది" అన్నాను. మా అత్త దేముడమ్మ కళ్లెగరేసి, "మండదేటి మరి! ఎవుల మీదే మంట, లచ్చీనర్సమ్మ మీదా, సీర మీదా?" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా. కడుపుమంట అంటే మా ఇంట్లో ఓర్వలేనితనమే, రోగానికి వేరే మాట లేదు. సాలూరులో మా పెద్దమ్మ ఇలాగే చెప్పక చెప్పక, చివరికి నెత్తురు కక్కుకుని పోయింది. నాకూ అదే రాసిపెట్టి ఉందనుకుంటాను. మా పిల్ల నీళ్లకెళ్లి కాస్త ఆలస్యమైతే నుయ్యి గుర్తొచ్చే మనిషిని, భయం నాకు కొత్త కాదు.

మా అమ్మాయి సుభద్ర నిరుడు పెద్దమనిషైంది. అప్పటిదాకా వాళ్ల నాన్న పక్కన పీట వేసుకుని తినేది. "మగోళ్ల బంతిలో నీకేటే పని? మీ అమ్మతో తిను" అని అత్త ఆ పీట తీసి గోడకు చేరేసింది. బడీ అప్పుడే మాన్పించారు. నాతో తినడమంటే ఆయనా మరిదీ పాలేళ్లూ తిని, ట్రాన్సిస్టరులో పాటలు అయ్యాక తినడం. అప్పటికి చారు అడుగున పులుపూ కారమే మిగులుతాయి. అందాకా పిల్ల పొట్టలో ఉండేది పొద్దుట తాగిన తరవాణి, ఆ పులిసిన గంజినీళ్లే.

మొన్న పొద్దున్న నేను నీళ్లు వడగడుతుంటే పక్కన చతికిలబడి, "అమ్మా, కడుపులో మండతన్నాది. గొంతులోకి పుల్లగా వస్తాది" అంది.

పెద్దమ్మ కళ్లముందు నిలబడింది.

వెనకనుంచి అత్త, "ఎవుల మీదే అమ్మడూ మంట?" అంది. అదే నవ్వు.

పిల్ల తల దించుకుంది. ఇంక నోరెత్తదని నాకు తెలుసు. నేనెత్తలేదు కదా.

"ఆకలి మీదత్తా" అన్నాను.

అత్త నవ్వు ఆగింది. పటికబెల్లం కలిపిన గ్లాసు సుభద్ర చేతిలో పెట్టి, తాగిందాకా కదల్లేదు.

ఆయన వచ్చి, "నా నీళ్లేవే?" అన్నారు.

"పిల్ల తాగీసింది. దానికీ మంటే. పిప్పుంది, నమలండి."

"పిప్పి మనుసులు తింతారేటే?"

"నేను తింతన్నాను గదండీ."

ఎప్పటినుంచి అని ఆయన అడగలేదు.

మధ్యాహ్నం ఆయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి సుభద్ర తన పాత పీట మీద కూచుని తింటోంది. మజ్జిగా, బీరకాయ కూరా, కారం లేకుండా. దాని పక్కన నేనూ కంచం పెట్టుకున్నాను. ఏదో ఒకటి జరిగే తీరుతుందనుకున్నాను. అత్త గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూస్తోంది.

"ఇదేటే? నాకెవులు పెడతారు?"

"వేళ తప్పకూడదని వైద్యుడన్నాడు గదండీ. కూకోండి, ఈ ముద్ద అయ్యాక లేస్తాను" అన్నాను.

అని, మారు వడ్డించుకున్నాను.